దీపాలాయన చూసిన గెలాక్సీలు

మా హామిల్టన్ తూర్పు వీధుల్లో దీపం ఆరిపోతే జనం నగర కార్యాలయానికి ఫోన్ చేసేవాళ్ళు కాదు, అర్సేనియో రెజెండెస్ ఇంటి తలుపు తట్టేవాళ్ళు. అతను కంచం ముందు కూర్చుని ఉన్నా విసుక్కునేవాడు కాదు. ఏ స్తంభమో, పూర్తిగా ఆరిందో మినుకుమినుకుమంటోందో కనుక్కుని, మర్నాడు పొద్దున్నే మా బండిని ఆ వీధిలోకి తిప్పించేవాడు. బండి నడిపేది నేను. దాని పొడుగు చెయ్యి చివరి తొట్టిలో నిలబడి పైకి వెళ్ళేది అతను. నా పేరు బ్రాంకో. మా వాళ్ళు క్రొయేషియా నుంచి వచ్చారు. అతను అట్లాంటిక్ మధ్యలో పోర్చుగీసు వాళ్ళ అజోర్స్ దీవుల్లో పుట్టి, మీసం రాకముందే ఇక్కడికి చేరాడు. ఇద్దరం వీధి దీపాల కిందే జుట్టు నెరిపించుకున్నాం.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం బీరువా అంత వెడల్పు. ఏ పనికీ తొందరపడడు, ఏ పనినీ సగంలో వదలడు. పెరట్లో ముప్పాతిక వంతు కేల్ ఆకు, చిక్కుడు, ఉల్లి. మిగిలిన పావు వంతులో ద్రాక్ష పందిరి, దాని కింద బల్ల. భార్య ఒతీలియా ఒటావా స్ట్రీట్‌లో ఒక బట్టల దుకాణంలో కర్టెన్లు కుట్టేది. ఒతీలియా తల్లి దోనా బెర్నార్ద వాళ్ళతోనే ఉండేది. భర్త పోయిన నాటి నుంచి ఆవిడ నలుపు తప్ప కట్టలేదు. మోకాళ్ళు పట్టేశాయి గానీ నోరు మాత్రం పట్టెయ్యలేదు. ఆవిణ్ణి సాయంత్రాలు ఒంటరిగా వదిలి భార్యాభర్తలిద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. దాని గురించి వాళ్ళు బాధపడగా నేను ఎప్పుడూ చూడలేదు.

అదంతా ఒక ఆగస్టులో మొదలైంది. ఆ రోజు కరెంటు పోయింది. మా వీధికో మా ఊరికో కాదు, ఒంటారియోలో చాలా మేరకీ, సరిహద్దు దాటి న్యూయార్క్ దాకా పోయింది. ఫ్రిజ్‌లో మాంసం పాడవుతుందని వీధి వీధంతా పెరళ్ళలో బొగ్గుల మీద కాల్చుకు తింటోంది. నేను మా ఇంట్లో సాసేజీలు పట్టుకుని అర్సేనియో వాళ్ళింటికి వెళ్ళాను. తిన్నాం, తాగాం. చీకటి పడింది. పందిరి అవతలికి వచ్చి తల ఎత్తిన వాళ్ళం ఎత్తినట్టే ఉండిపోయాం. ఎప్పుడూ నారింజ రంగు దుప్పటి కప్పుకుని ఉండే ఆకాశం ఆ రోజు దుప్పటి తన్నేసింది. ఫ్యాక్టరీల మీదుగా కూడా చుక్కలే.

ఒతీలియా ఈశాన్యం వైపు చూస్తూ కళ్ళజోడు తీసి ఏప్రన్ అంచుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చూసింది. మళ్ళీ తుడిచింది.

"మరక పోవట్లేదు" అంది.

కుర్చీలో ఉన్న దోనా బెర్నార్ద తల కూడా తిప్పకుండా, "అది నీ అద్దాల మీద లేదే, ఆకాశంలోనే ఉంది. మన దీవిలోనూ ఉండేది" అంది.

దాని పేరేమిటని అర్సేనియో అడిగాడు.

"పేరెందుకు అబ్బాయ్? పాలిస్తుందా ఏమన్నానా?" అందావిడ.

అర్సేనియో చాలాసేపు ఆ మసక మచ్చని చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు కరెంటు వచ్చింది. మాకు ఊపిరాడనంత పని. ఊరి దీపాలన్నీ తలా ఒక వేళకి వెలిగి ఆరుతుంటే వాటిని దారిలో పెట్టడానికి వారం పట్టింది. ఆ వారం చివర సాయంత్రం పందిరి పక్కన నిలబడి ఈశాన్యం వైపు చూశాడు. మచ్చ లేదు. వారం పాటు అతనే బాగు చేసిన వెలుగు ఊరి మీద నిండుగా పరుచుకుని ఉంది. ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు అతని గొంతులో పశ్చాత్తాపం ఏమీ లేదు. దీపాలు లేకపోతే ఊరు నడవదని అతనికి తెలుసు. ఆ మచ్చని మళ్ళీ చూడాలి, అంతే. ఇక్కడినుంచే, ఈ పెరట్లోంచే చూడాలి.

లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి దాని పేరు కనుక్కున్నాడు. ఆండ్రోమెడా. మన పాలపుంత లాంటిదే ఇంకో గెలాక్సీ. కోటానుకోట్ల నక్షత్రాలు కలిసి, దూరం వల్ల మసకగా కనిపిస్తాయి. నాకది చెప్పి, నా మొహం చూశాడు. అన్ని నక్షత్రాలుండీ మన దీపాలకి ఓడిపోయాయా అన్నాను. అతను పగలబడి నవ్వాడు.

కొండ మీద ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పంటి డాక్టరు దగ్గర పాత టెలిస్కోపు కొన్నాడు. నీళ్ళ హీటరు అంత గొట్టం. దాన్ని నా ట్రక్కులోనే తీసుకొచ్చాం. చంద్రుణ్ణి చూశాం, శని చుట్టూ వలయం చూశాం. వీధిలో జనం వరసకట్టారు. తర్వాత అక్టోబర్‌లో ఆండ్రోమెడా దొరికింది. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే ఆవిరి లాగా ఉంది. దానికీ చుట్టూ ఉన్న ఆకాశానికీ పెద్ద తేడా లేదు. మిగతా గెలాక్సీలు అసలే లేవు.

అప్పుడు ఫిల్టర్ల సంగతి తెలిసింది. కంటి దగ్గర పెట్టే కటకానికి బిగించే చిన్న గాజు బిళ్ళ, రెండు డాలర్ల నాణెం కంటే కాస్త పెద్దది. అందులో ఉన్న కిటుకు నాకు బండిలో భోజనాల వేళ వివరించాడు. మా వీధుల్లో అప్పుడున్నవి సోడియం దీపాలు. సోడియం దీపం ఇంద్రధనుస్సులో ఉన్న రంగులన్నింట్లోనూ వెలగదు. పసుపు, నారింజ ఉన్న ఆ మూలలోనే కూర్చుని అరుస్తుంది. ఈ గాజు ఆ మూల తలుపు మూసేస్తుంది. మిగతా రంగుల్ని రానిస్తుంది. ఆకాశంలోకి ఎగజిమ్మిన మా దీపాల వెలుగు ఆగిపోతుంది, గెలాక్సీ వెలుగు చాలావరకు లోపలికొస్తుంది.

ఫిల్టరు వచ్చిన రోజు సాయంత్రం నన్ను పిలిచాడు. ముందు గాజు లేకుండా చూపించాడు, తర్వాత గాజు పెట్టి చూపించాడు. నిజం చెప్పాలంటే నాకు పెద్ద తేడా కనపడలేదు. అతనికి కనపడింది.

"గెలాక్సీ పెరగలేదురా బ్రాంకో. చుట్టూ ఉన్న ఆకాశం తగ్గింది" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు అతని మొహం చూస్తే, కొన్న వస్తువు బాగాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజానికి అది బాగానే ఉంది. నా కంటికే ఓపిక లేదు. నిదానంగా అదీ నేర్చుకున్నాను. సూటిగా చూస్తే పారిపోయే మసక, చూపు కాస్త పక్కకి తిప్పితే బయటికొస్తుంది.

ఆశ పెరిగింది. ఇంతకంటే గట్టి ఫిల్టరు ఉందని తెలిసి అదీ తెప్పించాడు. ఆ చలికాలం గొల్లకావడి చుక్కల కింద ఉన్న నిహారికని దానితో చూస్తే, మంచు తెర వెనక పక్షి రెక్క విప్పినట్టు కనిపించింది. ఒతీలియా కోటు కూడా వేసుకోకుండా బయటికొచ్చి చూసి, పళ్ళు టకటకమంటున్నా లోపలికి వెళ్ళలేదు. ఇంక గెలాక్సీలన్నీ కాళ్ళ దగ్గరికి వస్తాయనుకున్నాడు అర్సేనియో. వసంతం వచ్చింది. సింహరాశిలో వరసగా గెలాక్సీలుంటాయని పుస్తకం చెప్పింది. గట్టి ఫిల్టరు పెట్టి చూశాడు. చీకటి. నల్లటి చీకటి. గెలాక్సీ ఒక్కటి లేదు, సగం నక్షత్రాలు కూడా లేవు.

రెండు వారాలు తల బద్దలుకొట్టుకున్నాడు. చివరికి తేలిందేమిటంటే, నిహారిక వాయువుల మేఘం. అది రెండు మూడు రంగుల్లోనే మెరుస్తుంది. గట్టి ఫిల్టరు ఆ రెండు మూడు రంగుల్నే రానిచ్చి మిగతావన్నీ ఆపేస్తుంది. గెలాక్సీ అలా కాదు. అది నక్షత్రాల గుంపు, అన్ని రంగుల్లోనూ వెలుగుతుంది. రాళ్ళేరడానికి జల్లెడ పట్టుకుంటే బియ్యం కూడా ఆగిపోయినట్టయింది. అసలు డబ్బా మీదే నిహారికలకి అని స్పష్టంగా రాసుంది. చదవకుండా డబ్బా చించి పారేశాడు. ఆ సంగతి తెలిసినప్పుడు అతను నవ్విన నవ్వుకి బండిలో కాఫీ ఒలికింది.

దాంతో గెలాక్సీల వరకు మొదటి ఫిల్టరే నయమని తేలింది. అదీ కొంతవరకే. మిగతాది కంటిని చీకట్లో ఉంచుకోవడంలో ఉంది. వీధి వెలుగు పక్కనుంచి కంట్లో పడితే ఏ గాజూ ఏమీ చెయ్యలేదు. తల మీద కప్పుకోవడానికి ఒక నల్లగుడ్డ కావాలని ఇంట్లో అడిగాడు. ఒతీలియా దుకాణం నుంచి తెస్తానంటోంది. ఇంతలో దోనా బెర్నార్ద తన పాత శాలువా తీసి అతని ఒళ్ళో పడేసింది. చలికాలం చర్చికి వేసుకెళ్ళే శాలువా అది.

"ఇదెందుకత్తయ్యా, నీ మంచి శాలువా" అన్నాడు అర్సేనియో.

"నేను చచ్చాక ఎలాగూ తీసుకుంటావు. ఇప్పుడు తీసుకుంటే దణ్ణమైనా పెడతావు" అందావిడ.

అతను నిజంగానే చేతులు జోడించాడు. ఆవిడ పట్టరాని సంతోషంతో మొహం ఇంకా చిరాగ్గా పెట్టుకుంది.

ఆ శాలువా తల మీంచి భుజాల దాకా కప్పుకుని, వంగి, కదలకుండా గంటలు గంటలు కూర్చునేవాడు. వెనకింట్లో కొత్తగా అద్దెకొచ్చిన ఒకాయన కంచె మీంచి చూసి, ఆ ఇంటి ముసలావిడ రోజూ సాయంత్రం పెరట్లో కూర్చుని ఏడుస్తోందనుకున్నాడు. పాపం, ఒక కేకు చేయించుకుని పలకరించడానికి వచ్చాడు. శాలువా కింద ఉన్నది ఎవరో తేలేలోపు కేకు సగం అయిపోయింది.

అలా ఏళ్ళు గడిచాయి. పని నుంచి రాగానే సూపు, తర్వాత శాలువా. గెలాక్సీలు ఒక్కటొక్కటే దొరుకుతూ వచ్చాయి. వాటిలో ఏదీ చూడ్డానికి గొప్పగా ఉండేది కాదు. మసక, అండాకారం, నడుమ కాస్త గట్టిగా, అంచులు ఎక్కడ ఆగాయో తెలియకుండా. అయినా ఒక్కోటి దొరికిన మర్నాడు పొద్దున్న బండి ఎక్కుతున్నప్పుడే నాకు తెలిసిపోయేది. ఈల వేస్తూ వచ్చేవాడు.

తర్వాత నగరం తెల్ల దీపాలకి మారింది. కరెంటు ఖర్చు తగ్గుతుంది, ఏళ్ళ తరబడి ఆరవు. ఒక్కో వీధిలో పాత సోడియం దీపాలు విప్పి ఎల్‌ఈడీ దీపాలు బిగించే పని మాకే పడింది. అప్పటికి ఇద్దరం రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నాం. వీధులన్నీ అయ్యాక వంతు మా వీధికొచ్చింది. అర్సేనియో ఇంటి ముందు స్తంభం దగ్గర బండి ఆపి, ఇంకెవరినైనా పైకి పంపుదామా అని అడిగాను. అక్కర్లేదన్నాడు. పైకెళ్ళి, పాతది విప్పి నా చేతికి దించి, కొత్తది బిగించి, స్విచ్చి వేసి, అది వెలగ్గానే బొటనవేలు పైకెత్తి చూపించాడు. దిగాక నేనే ఉండబట్టలేకపోయాను.

"నీ గెలాక్సీల పీక నీ చేత్తోనే పిసికావు కదరా" అన్నాను.

"పని పనే" అన్నాడు. దీపం వైపు తల ఎత్తి, "మంచి దీపం. వెలుగు కింద పడుతోంది, పైకి పోవట్లేదు. అది చూశావా నువ్వు?" అన్నాడు.

అది నిజమే. కానీ తెల్ల వెలుగంటే అన్ని రంగులూ కలిసిన వెలుగు. పసుపు మూల తలుపు మూసినా మిగతా కిటికీలన్నిట్లోంచీ లోపలికొచ్చేస్తుంది. గెలాక్సీ వెలుగు ఏయే రంగుల్లో ఉందో దీపం వెలుగూ ఆ రంగుల్లోనే ఉంది. అతని మంచి ఫిల్టరు మామూలు గాజైపోయింది. రిటైరైన ఏడాది టెలిస్కోపు షెడ్డులో ఉల్లిపాయల బుట్టల వెనక పడుంది. ఆ ఏడాది పెరట్లో కేల్ ఆకు ఎంత పండిందంటే, మా వీధిలో ఆ సూపు తాగని ఇల్లు లేదు.

ఆ శీతాకాలమే పక్కింటికి ఇవెట్ వచ్చింది. జమైకా మనిషి, నలభై ఏళ్ళుంటాయి. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. ఒంటరిగా ఉంటుంది. వచ్చిన నెలకే ఎవరో ఆమె షెడ్డు తాళం బద్దలుకొట్టి సైకిలు ఎత్తుకుపోయారు. మర్నాడే ఆమె ఇంటి వెనక గోడ మీద పెద్ద ఫ్లడ్‌లైటు వెలిసింది. సాయంత్రం నుంచి తెల్లారేదాకా వెలిగేది. అర్సేనియో పెరట్లో చిక్కుడు కర్రల నీడలు గోడ మీద జైలు ఊచల్లా పడేవి. రాయి పెట్టి కొట్టి రానా అని నేను అడిగాను. నోరు మూసుకోమన్నాడు.

ఒతీలియా తీపి రొట్టె చేసిచ్చింది. అది పట్టుకుని, నన్నూ వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళాడు. ఇవెట్ మర్యాదగానే లోపలికి రమ్మంది. టీ ఇచ్చింది. అర్సేనియో మెల్లగా సంగతి కదిపాడు. ఆ దీపానికి ఒక మూత పెట్టి, మనిషి కదిలినప్పుడే వెలిగేలా చేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. తను ఆకాశం చూస్తుంటానని కూడా దాచకుండా చెప్పాడు.

ఇవెట్ కప్పు కింద పెట్టింది. "మిస్టర్ రెజెండెస్, మీరు పెద్దవారు. తప్పుగా అనుకోకండి. మీరు చుక్కలు చూసుకోవడానికి నేను చీకట్లో తాళం తీసుకోవాలా?"

"వద్దమ్మా" అన్నాడు అర్సేనియో వెంటనే. "నా బతుకంతా ఆడవాళ్ళు చీకట్లో తాళాలు తీసుకోకూడదనే స్తంభాలెక్కాను."

అంతటితో ఆ మాట ముగిసిపోయింది. అతను మళ్ళీ ఒత్తిడి చెయ్యలేదు. టీ తాగాడు, ఆస్పత్రి కబుర్లు అడిగాడు. బయల్దేరుతున్నప్పుడు చీకటి పడింది. వెనక తలుపు దాకా వచ్చిన ఇవెట్‌ని, కాసేపు అక్కడే నిలబడమని అడిగి, నన్ను వెంటబెట్టుకుని పెరట్లో షెడ్డు పక్కకి నడిచాడు. అక్కడ ఆగి, నేను కనపడుతున్నానా అని కేకేశాడు. లేదని ఇవెట్ అంది. దీపం వెలుగు కళ్ళలో కొడుతోంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడమన్నాడు. ఆమె చెయ్యి పెట్టుకుంది.

"మీరిద్దరూ నాలుగడుగుల దూరంలో ఉన్నారు" అంది. ఆ గొంతులో భయం ఉంది, దాని వెంటే కోపం. కోపం మా మీద కాదు, దీపం అమ్మినవాడి మీద.

ఆ శనివారం అర్సేనియో నిచ్చెన వేశాడు. ఫ్లడ్‌లైటు దించేసి, గుమ్మం దగ్గర ఒకటి, షెడ్డుకి వెళ్ళే సందులో ఒకటి, రెండు చిన్న దీపాలు పెట్టాడు. రెంటికీ మూతలు. వెలుగు తాళం మీద, మెట్ల మీద, దారి మీద పడుతుంది. సందులోది మనిషి కదిలితేనే వెలుగుతుంది. ఇవెట్ వారం రోజులు పరీక్షగా చూసింది. తర్వాత ఒక సాయంత్రం కంచె దగ్గరికొచ్చి, ఇప్పుడు తన పెరడు మొత్తం కనపడుతోందనీ, ఇంతకీ ఆయన ఏం చూస్తారో తనకి చూపించమనీ అడిగింది.

అలా టెలిస్కోపు ఉల్లిపాయల వెనక నుంచి బయటికొచ్చింది. చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. ఇవెట్ శాలువా కప్పుకుని చాలాసేపు చూసి, తనకి మసకే కనపడుతోందంది. తెల్ల దీపాల కథ అర్సేనియో చెప్పాడు. విని, కంటితోనే ఎందుకు చూడాలి, కెమెరా పెట్టొచ్చు కదా అంది. తమ ఆస్పత్రిలో బొమ్మ సరిగ్గా రాకపోతే మళ్ళీ మళ్ళీ తీసి ఒకదాని మీద ఒకటి పేర్చితే కనపడనిది తేలుతుందంది. కెమెరా అయితే కన్ను చూడలేని రంగులు కూడా చూస్తుందని ఆ మాట మధ్యలోనే అంది.

చివరి మాట అర్సేనియో చెవిలో పడి ఊరుకోలేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి, చీకటి పడుతుండగా, ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని ఒతీలియా వినే పోర్చుగీసు ఫాదో పాటల సీడీ ఒకటి చేత్తో పట్టుకుని వీధి దీపం వైపు అటూ ఇటూ తిప్పుతున్నాడు. సీడీ మీద దీపం వెలుగు ఇంద్రధనుస్సుగా విడిపోతోంది. నాకు కూడా చూపించాడు. నీలం ఉంది, ఆకుపచ్చ ఉంది, పసుపు ఉంది. ఎరుపు మొదలవుతుంది గానీ ముదురు ఎరుపు దాకా వెళ్ళదు, దారిలోనే సన్నబడి ఆగిపోతుంది. మా కొత్త దీపానికి ముదురు ఎరుపు లేదు. ముసలి నక్షత్రాలతో నిండిన గెలాక్సీకి ఆ ముదురు ఎరుపు, దాని అవతల కంటికందని ఎరుపు దండిగా ఉన్నాయి.

"ఆ మూలలో మన దీపం లేదురా" అన్నాడు. "అక్కడ వాళ్ళే ఉన్నారు."

ఒతీలియా లోపల్నుంచి వచ్చి సీడీ లాక్కుని పోయింది.

ముదురు ఎరుపు ఫిల్టరు తెప్పించాడు. కంటికి పెట్టుకుంటే దాదాపు నల్లగాజే, ఏమీ కనపడదు. ఇవెట్ వాళ్ళ ఆస్పత్రిలో ఫొటోల పిచ్చి ఉన్న ఒక డాక్టరు దగ్గర చిన్న నలుపు తెలుపు కెమెరా దొరికింది. దాన్ని టెలిస్కోపుకి తగిలించి, తీగని వంటింటి కిటికీలోంచి లోపలికి లాగి, ల్యాప్‌టాప్‌కి కలిపారు. ఏప్రిల్ నెల. సప్తర్షుల తోక చివర ఉండే గెలాక్సీ వైపు గొట్టం తిప్పాడు. తెర మీద ముందు బూడిద రంగు గరుకు తప్ప ఏమీ రాలేదు. బొమ్మ మీద బొమ్మ పేరుకుంటోంది. మేం నలుగురం వంటింటి బల్ల చుట్టూ నిలబడి ఉన్నాం. పొయ్యి మీద సూపు పొంగుతుంటే ఒతీలియా చూడకుండానే చెయ్యి చాపి మంట తగ్గించింది.

నిదానంగా బూడిద రంగు పలచబడింది. నడుమ ఒక వెలుగు ముద్ద. దాని పక్కన చిన్నది ఇంకోటి. ఆపైన పెద్దదాని చుట్టూ ఒక చెయ్యి, ఎదురుగా ఇంకో చెయ్యి, సుడి తిరుగుతూ వచ్చాయి. అన్నేళ్ళలో ఎప్పుడూ మాకు మసక తప్ప కనపడని చోట ఆకారం కనపడింది. తెల్ల దీపం వీధిలో దర్జాగా వెలుగుతూనే ఉంది.

అర్సేనియో ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో పళ్ళెంలా ఎత్తుకున్నాడు. తీగ ఊడుతుందని ఇవెట్ వెనకే తీగ పట్టుకుని నడిచింది. నేరుగా దోనా బెర్నార్ద గదిలోకి తీసుకెళ్ళాడు. అప్పటికి ఆవిడ మంచం దిగడం మానేసి చాలా కాలమైంది. చూపు మాత్రం బాగానే ఉంది. ఆవిడ తెర వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది.

"ఇది మన పెరట్లోంచేనా?" అంది.

"ఇక్కడినుంచే అత్తయ్యా."

"వెన్న చిలికేటప్పుడు గిన్నెలో ఇలాగే తిరుగుతుంది" అని, కాసేపు చూసి, "ఎవరు చిలుకుతున్నారు?" అని అడిగింది.

పక్కనున్న చిన్న గెలాక్సీ దగ్గరగా రావడం వల్ల పెద్దదాని చేతులు అలా సాగాయని అతను చెప్పాడు. ఆవిడకి ఆ జవాబు నచ్చింది. "చిన్నదానికి పొగరెక్కువ" అని ఇవెట్ వైపు చూసి నవ్వింది. తర్వాత ఇంకొకటి పెట్టమంది. ఆ వసంతమంతా వీలున్న సాయంత్రాలన్నీ ఆవిడకి గెలాక్సీలు మంచం దగ్గరికే వెళ్ళాయి. బాగాలేని వాటిని బాగాలేవని మొహమాటం లేకుండా చెప్పేది. పక్కకి తిరిగి సన్నగా గీతలా కనిపించే గెలాక్సీలంటే ఆవిడకి అసలు గిట్టేది కాదు. అవి కోపమొచ్చి మొహం తిప్పుకున్న వాళ్ళలా ఉన్నాయట.

మరుసటి ఏడాది ఈస్టరు తర్వాత దోనా బెర్నార్ద నిద్రలోనే పోయింది. పండు రాలినట్టు పోయింది. ఒతీలియా ఏడ్చింది. అర్సేనియో ఏడ్చింది నేను చూడలేదు గానీ, తర్వాత చాలా రోజులు సాయంత్రం అయ్యేసరికి ఆ గది గుమ్మం దాకా వెళ్ళి ఆగేవాడని ఒతీలియా చెప్పింది.

ఇంట్లో కాపలా ఉండాల్సిన అవసరం లేకపోయింది. నేనే పట్టుబట్టి, మే నెల సెలవులకి ఇద్దర్నీ, టెలిస్కోపునీ నా ట్రక్కులో ఎక్కించుకుని ఉత్తరంగా, హ్యూరాన్ సరస్సు అంచున మా బావమరిది వాళ్ళ చెక్క ఇంటికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక్క దీపం లేదు. చీకటి పడ్డాక చుక్కలు సరస్సు నీళ్ళ దాకా దిగాయి. ఏ ఫిల్టరూ లేకుండా, కెమెరా కూడా లేకుండా టెలిస్కోపులో చూస్తే గెలాక్సీ చేతులు కనపడ్డాయి. అర్సేనియో పిచ్చివాడిలా ఒకదాని నుంచి ఒకదానికి గొట్టం తిప్పాడు. నాకు ఇప్పటికీ ఆ రాత్రి తలుచుకుంటే సంతోషమే. రెండో రోజు మాత్రం అతను కాస్త నెమ్మదించాడు. మూడో రోజు పొద్దున కాఫీ దగ్గర ఎలా ఉందని అడిగాను.

"చాలా బాగుంది" అన్నాడు. "చుట్టాలందరూ ఒక్కసారే వచ్చిన పెళ్ళిల్లులా ఉంది. ఎవరితోనూ నింపాదిగా కూర్చోవడం కుదరట్లేదు."

దోమలు కూడా దారుణంగా ఉన్నాయని ఒతీలియా అంది. ఆ మధ్యాహ్నమే తిరుగుముఖం పట్టాం. ఆ తర్వాత మళ్ళీ ఒకసారి వెళ్దామంటే, వెళ్దాం అంటాడు, వెళ్ళడు. నేను కూడా ఊరికే అడుగుతాను.

ఇప్పుడతనికి డెబ్బై దాటాయి. తెల్ల దీపాల కింద ఎన్ని గెలాక్సీలు దొరికాయో నాకు తెలియదు. అతను లెక్క పెట్టుకోడు. లైబ్రరీలో కొత్తగా టెలిస్కోపు కొన్నవాళ్ళు ఎవరైనా ఏ ఫిల్టరు కొనమంటారని అడిగితే, ముందు మీ వీధి దీపం ఏ రంగో చూసుకుని రమ్మంటాడు. చాలామంది అది చూడనే లేదని ఒప్పుకుంటారు. నిహారికలకి ఏది కొనాలో, గెలాక్సీలకి అది ఎందుకు పనికిరాదో ఓపిగ్గా చెబుతాడు. డబ్బా మీద రాసింది చదవమని కూడా చెబుతాడు.

మొన్న శనివారం ఇవెట్ అల్లం పానీయం చేసి తెచ్చింది. నేను మా ఆవిడ చేసిన మాంసం కూరిన బురెక్ రొట్టె తెచ్చాను. కన్యారాశిలో ఏదో కొత్త గెలాక్సీ పట్టాలని అర్సేనియో టెలిస్కోపు సిద్ధం చేశాడు. సూర్యుడు దిగుతుండగానే మా ఊరి సరస్సు వైపు నుంచి మబ్బు కమ్మింది. ఫోన్లలో చూస్తే ఇంక విడదని రాసుంది. అయినా ఎవరూ లేవలేదు. అర్సేనియో టెలిస్కోపు మీద గుడ్డ కప్పి వచ్చి, బొగ్గులు రాజేశాడు. ఒతీలియా సార్డీన్ చేపలకి ఉప్పు పట్టించింది. ఇవెట్ ఆస్పత్రిలో జరిగిన ఒక నవ్వొచ్చే సంగతి మొదలుపెట్టింది. మబ్బు కింద మా వీధి దీపాలు వరసగా వెలిగాయి. అర్సేనియో ఒకసారి అటు చూసి, మూడోది కాస్త మినుకుమంటోందన్నాడు. మళ్ళీ చేపలు తిరగేశాడు.